గీత నీకూ కనపడతందా

మా అన్న కుడి కన్ను పోయింది కంప్యూటర్ వల్ల కాదు. ఈ మాట ఇన్నేళ్ళుగా ఎంతమందికి చెప్పినా మా అద్దంకిలో ఒక్కరూ నమ్మలేదు. "పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుంటే పోదా మరి" అని తీర్పు చెప్పి, మేమిచ్చిన టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. కన్ను పోవడానికీ కంప్యూటర్‌కీ సంబంధం లేదు. కన్ను పోతోందని మాకు తెలియకపోవడానికి మాత్రం ఉంది. కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డూ, అన్న కన్నూ ఒకే ఎండాకాలంలో పాడయ్యాయి. రెండూ చుక్కలూ గీతలే చూపించాయి. ఏ గీత దేనిదో మాకు తెలియలేదు.

మేము దూదేకుల వాళ్ళం. రంజాన్‌కి కొత్త బట్టలు కట్టుకున్నా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నాన్న దూది ఏకి పరుపులూ దిండ్లూ బొంతలూ కుట్టేవాడు. మొదట్లో దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడట. నాకు బుద్ధి తెలిసేసరికి ఇంటి వెనక గదిలో కరెంటు మిషను పెట్టుకున్నాడు. అది తిరుగుతుంటే ఇల్లంతా సన్నటి నూగు లేచేది. అన్నంలో దూది, మంచినీళ్ళ బిందెలో దూది, నా జడలో దూది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నా అన్నా కలిసి నన్ను పెంచారు. పెంచడం బాగానే పెంచారు గానీ, ఇద్దరిలో ఒక్కరికీ జడ వేయడం చేతకాలేదు.

అన్నకి చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలు. అవి తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో గుంజో చెప్పలేడు. అలాంటివాడు బోర్డులు రాసే పని పట్టుకున్నాడు. కళ్ళద్దాలు గోడకి తగులుతాయా అన్నంత దగ్గరగా నిలబడి పురుగుమందుల కొట్ల పేర్లూ, పత్తి విత్తనాల ప్రకటనలూ రాసేవాడు. దూరం వెళ్ళి చూసుకుని సరిదిద్దుకోవడం అతనికి లేదు. తలకట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అతని చేతికే తెలుసు. అద్దంకి నుంచి సింగరాయకొండ దాకా రోడ్డు పక్క గోడల మీద అతని అక్షరాలుండేవి. బస్సులో కూర్చుంటే నేను కిటికీలోంచి చూసి గుర్తుపట్టేదాన్ని, పక్కన కూర్చున్నవాళ్ళకి అడగకపోయినా చెప్పేదాన్ని.

పెళ్ళి సంబంధాలు మాత్రం కళ్ళద్దాల దగ్గరే ఆగిపోయేవి. "ఇవి తీస్తే పెళ్ళికూతుర్ని గుర్తుపడతాడా?" అని ఒకాయన మొహం మీదే అడిగాడు. అన్న నవ్వి, "గొంతు వింటే పడతానండీ" అన్నాడు. ఆ సంబంధమూ పోయింది. నాకు ఒళ్ళు మండి, ఆ వచ్చినవాళ్ళకి రెండో విడత టీ ఇవ్వలేదు.

తొంభైల చివరికి గోడ రాతలు తగ్గిపోతున్నాయని అన్నే ముందు పసిగట్టాడు. గుంటూరు వెళ్ళి, బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో కొన్ని నెలలు కంప్యూటర్ డిజైనింగ్ నేర్చుకుని వచ్చాడు. ఇంటి ముందు గదిలో షాపు పెట్టాడు. శుభలేఖలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు. నాకు పక్క వీధిలోనే కాపురం. మా ఆయన లారీ ఆఫీసుకి వెళ్ళగానే నేనూ వచ్చి, రెండో కంప్యూటర్ ముందు కూర్చుని టైపింగ్ చేసేదాన్ని. అన్న డిజైన్ చేసేవాడు. గోడ మీద బ్రష్షుతో తిప్పిన ఒంపుల్నే ఇక్కడ మౌసుతో తిప్పేవాడు. అక్షరాన్ని స్క్రీను నిండా పెద్దది చేసి, ముక్కు అద్దానికి ఆనించి, అంచులు చెక్కేవాడు. పెద్ద డిజైన్లకి స్క్రీను నత్తలా కదులుతోందని విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు కొని వేయించాడు. అరచేయంత పచ్చటి పలక, దాని మీద బుల్లి ఫ్యాను. స్క్రీను మీద కనపడే ప్రతి బొమ్మనీ గీసి చూపించేది అదే.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మొదలైంది. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి ఇటు తిరిగితే వీధి వీధంతా తుమ్ములు. ఒక మధ్యాహ్నం అన్న శుభలేఖ చేస్తుంటే పెళ్ళికూతురి పేరు మీద ఎర్రవీ పచ్చవీ చుక్కలు వరసగా వచ్చి నిలబడ్డాయి.

"అమ్మాయ్, ఇటు చూడు. అక్షింతలు అప్పుడే పడిపోయినయ్యి" అన్నాడు.

నేను వచ్చి చూశాను. నిజంగానే చుక్కలు. మౌసు కదిపితే దాని వెనకే తోకలా గీత. భయపడి ఒక ప్రింటు తీశాం. కాగితం మీద శుభ్రంగా వచ్చింది. అంటే డిజైన్‌కి ఏమీ కాలేదు, చూపించేదానికే ఏదో అయింది. ఆ రోజంతా అన్న ప్రింటు చూసుకుంటూ, స్క్రీనుని తిట్టుకుంటూ పని ముగించాడు.

తర్వాత మా చేతనైన వైద్యాలన్నీ చేశాం. మానిటర్ వైరు పీకి మళ్ళీ పెట్టాం. నా మానిటర్ అతనికీ, అతనిది నాకూ మార్చాం. నా దగ్గరికి వచ్చిన మానిటర్ బుద్ధిగా పనిచేసింది. అతని దగ్గరికి వెళ్ళిన నా మానిటర్ చుక్కలు పెట్టుకుంది. అంటే తప్పు మానిటర్‌లో లేదు. సీడీ పెట్టి డ్రైవరు మళ్ళీ ఎక్కించాం. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు అన్న పెట్టె విప్పి కార్డు బయటికి తీశాడు. దాని అంచున బంగారు రంగు పళ్ళుంటాయి. వాటిని పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పట్టు బాగుంటుందని బ్రాడీపేటలో చెప్పారట. రుద్దుతూ ఫ్యాను కేసి చూసి ఆగిపోయాడు.

ఫ్యాను రెక్కల చుట్టూ దూది చుట్టుకుని ఉంది. మామూలు దుమ్ము కాదు. బిళ్ళకట్టిన దూది, కొంచెం ఎర్రగా, మిరప దుమ్ము పట్టి. అన్న దాన్ని పిన్నీసుతో లాగితే ముక్కలుగా ఊడి వచ్చింది. మా ఇద్దరికీ తుమ్ములు. మా అలికిడికి నాన్న వెనక గదిలోంచి వచ్చాడు. అన్న చేతిలోంచి ఆ ముక్క తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది మన దూదే" అన్నాడు.

"అయితే ఏంది నాన్నా, తుడిస్తే పోద్ది" అన్నాడు అన్న.

నాన్న లోపలికి వెళ్ళాడు. మిషను చప్పుడు ఆగిపోయింది. మర్నాడు పొద్దున చూస్తే, అటక మీద నుంచి పాత విల్లు దింపుకుని, పెరట్లో రేకుల కింద కూర్చుని చేత్తో ఏకుతున్నాడు. అన్న వెళ్ళి పోట్లాడాడు. నేనూ పోట్లాడాను. "నా దూది నా ఇష్టం" అన్నాడు నాన్న. ఆ వయసులో ఆ విల్లు కొట్టడం ఎంత కష్టమో చూస్తున్నవాళ్ళకి తెలుస్తుంది. మా నాన్న మొండితనం అన్నకీ వచ్చింది, నాకూ వచ్చింది. మా ఇంట్లో దానికి కరువు లేదు.

తుడిచిన కార్డు కొన్నాళ్ళు బాగా చేసింది. మళ్ళీ చుక్కలు వచ్చాయి. ఈసారి ఫ్యాను శుభ్రంగానే ఉంది. అంతకు ముందే వేడికి లోపల ఏదో కాలిపోయి ఉంటుందని అన్న అన్నాడు. చేతిలో శుభలేఖల పని చాలా ఉంది, ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. అలాగే నెట్టుకొచ్చాం.

ఆ నెట్టుకొచ్చిన రోజుల గురించే నాకు ఇప్పటికీ దుఃఖం. ఆ రోజుల్లో అన్నకి నాకంటే ఎక్కువ కనపడేవి. నాకు కనపడినవి రంగు చుక్కలు, ఉన్నచోటే ఉండేవి. అతను నల్ల చుక్కలన్నాడు, ఈగల్లా తిరుగుతున్నాయన్నాడు. పక్క నుంచి ఏదో మెరుస్తోందన్నాడు. ట్యూబ్‌లైటు కొట్టుకుంటోందనుకుని స్టార్టర్ మార్చాడు. మెరుపు పోలేదు. లైటు తప్పు కాదు, కార్డే మెరుస్తోందని తేల్చుకున్నాడు. కాగితం మీద కూడా చుక్కలున్నాయని ఒకసారి అన్నాడు. ప్రింటరు తుడిచాం. ఇప్పుడు తెలుసు కాబట్టి ఇంత సులువుగా రాస్తున్నాను. అప్పుడు కళ్ళెదురుగా నిజంగా పాడైపోయిన కార్డు ఒకటి ఉంది. దాన్ని వదిలి ఇంకోదాన్ని అనుమానించే తెలివి ఎవరికుంటుంది?

పైగా అది మిరప కాలం. మా వైపు మిరప కాలంలో కన్ను మండినా, నీరు కారినా, మసకబారినా అందరూ ఒకటే చెబుతారు. "ఘాటు తగిలిందిలే, చన్నీళ్ళు కొట్టుకో." అన్న రోజూ చన్నీళ్ళు కొట్టుకునేవాడు. రోజూ పొద్దున్నే నాన్న పంచె కొంగు మడిచి, నోటితో వెచ్చగా ఊది, అన్న కుడి కంటి మీద పెట్టి కాపడం పెట్టేవాడు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా మొహం ఎత్తి కూర్చునేవాడు. వాళ్ళిద్దర్నీ చూసి నేను నవ్వేదాన్ని.

చివరికి ముహూర్తాలు అయిపోయాక అన్న గుంటూరు బయల్దేరాడు. నాన్న సీపీయూని చిన్న బొంతలో చుట్టి ఇచ్చాడు, బస్సులో కుదుపులకి దెబ్బ తగలకుండా. అన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, చిలకలూరిపేటలో ఎక్కిన ఒక ముసలమ్మ "బిడ్డకి ఒంట్లో బాగాలేదా నాయనా" అని అడిగిందట. సాయంత్రం కొత్త కార్డుతో తిరిగి వచ్చాడు. ఆ ముసలమ్మ సంగతి చెప్పుకుని అందరం నవ్వుకున్నాం.

కంప్యూటర్ పెట్టి ఆన్ చేశాం. స్క్రీను కడిగిన గాజుపలకలా ఉంది. ఒక్క చుక్క లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అన్న అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశాడు. "పోలా" అన్నాడు.

"ఏంది పోలేదు?"

"ఎడం పక్క కింద మూల నల్లగా ఉంది. నీడ పడ్డట్టుంది."

నేను చూశాను. ఏమీ లేదు. లేదని చెప్పాను. ఉందన్నాడు. లేదన్నాను. రిపేరు షాపువాడు పాత కార్డే తుడిచి అంటగట్టాడన్నాడు. అలా ఎందుకు చేస్తాడు, నా కళ్ళకి బాగానే కనపడుతోంది కదా అన్నాను.

"నీకు కళ్ళు లేవా?" అని అరిచాడు.

నన్ను ఎప్పుడూ అరవని మనిషి అరిచేసరికి నాకూ కోపం వచ్చింది. "నీకున్నాయిగా నాలుగు" అన్నాను. అది మా ఇంట్లో పాత ఎగతాళే, అతనే నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. మర్నాడే మళ్ళీ సీపీయూని బొంతలో చుట్టుకుని గుంటూరు బస్సెక్కాడు.

అక్కడ రిపేరు చేసే మనిషి ఓపికమంతుడు. అన్న చెప్పిందంతా విని, తన మానిటర్‌కి తగిలించి చూపించాడు. "సిస్టంలో ఏం లేదండీ" అన్నాడు. ఉందని అన్న పట్టుబట్టాడు. "అయితే ఒక పని చేయండి. ఇంటికెళ్ళి ఒక్కొక్కటే మార్చుకుంటా రండి. దేన్ని మారిస్తే మీ నీడ పోద్దో, తప్పు దాంట్లో ఉన్నట్టు. ఏది మార్చినా పోకపోతే ఇంకా మార్చంది ఏదో మిగిలుందని" అన్నాడు. ఈ మాట అన్న ఇంటికి వచ్చి చెప్పాడు. మాకు తెలియంది కాదు, మానిటర్లు మార్చినప్పుడు మేం చేసిందీ అదే.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. వైరు మార్చాడు. మానిటర్ మార్చాడు. కొత్త కార్డు తీసేసి, మానిటర్‌ని కంప్యూటర్‌కి మొదట్నించీ ఉన్న కనెక్షన్‌కే తగిలించాడు. నీడ పోలేదు. నేను టైపింగ్ చేసుకుంటూ ఓరకంట చూస్తున్నాను, ఇంకా అలకలోనే ఉన్నాను. అతను లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఒక్క నిమిషం లేమ్మా" అన్నాడు.

లేచాను. నా కుర్చీలో కూర్చుని నా స్క్రీను చూశాడు. అది ఎప్పుడూ పాడవని కంప్యూటర్. దానికి విడిగా కార్డే లేదు. చూసి, మెల్లగా తల తిప్పి పక్కనున్న తెల్ల గోడ చూశాడు. పోయిన రంజాన్‌కి సున్నం వేసిన గోడ. ఆ గోడని చాలాసేపు చూశాడు. తర్వాత అరచెయ్యి ఎత్తి ఎడం కన్ను మూసుకున్నాడు.

చెయ్యి అలాగే ఉంచి, "అమ్మాయ్, గోడ మీద ఎడం పక్క కింద ఏముంది?" అన్నాడు.

"క్యాలెండర్ ఉందన్నా."

"నాకు లేదు" అన్నాడు.

కార్డు, మానిటర్, వైరు, ట్యూబ్‌లైటు స్టార్టర్ అన్నీ మార్చాం. మార్చకుండా మిగిలింది అతను. నాన్న పెరట్లో విల్లు కొడుతున్న చప్పుడు వినపడుతోంది. నేను వెళ్ళి ఆపమని చెప్పాను.

ఆ పూటే గుంటూరు వెళ్ళాం, ముగ్గురం. బ్రాడీపేటలో కళ్ళ డాక్టరు కంట్లో చుక్కలు వేసి, కంటి పాప విచ్చుకున్నాక లైటు పెట్టి చూశాడు. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడిగాడు.

"కార్డు పాడైనప్పటి నుంచండీ" అన్నాడు అన్న.

"ఏ కార్డు?"

అన్న నా వైపు తిరిగాడు. నేను చెప్పాను, వంకరటింకరగా, ఏడుపు ఆపుకుంటూ. డాక్టరు విని ఏమీ కసరలేదు. కంటి వెనక పొర ఊడిపోయిందన్నాడు. అంత పవరున్న కళ్ళకి అలా అవడం ఉందన్నాడు. మెరుపులూ ఈగలూ కనపడినప్పుడే వచ్చి ఉంటే లేజరుతో అతికించేవాళ్ళమన్నాడు. ఇప్పుడు ఆపరేషన్ చేసినా చూపు ఎంత వస్తుందో చెప్పలేనన్నాడు. నాన్న చెవి ముందుకు పెట్టి వింటున్నాడు. అతనికి అర్థమైంది ఒకటే. "అంటే మా దూది ఆ పెట్టెలోకి పోకపోతే, ఈడు ముందే మీ దగ్గరికొచ్చేవోడా అండీ?" అని అడిగాడు. డాక్టరుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. మాకు అర్థమైంది. నేను నాన్న చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు అన్న బోర్లా పడుకోవాలన్నారు. మొహం కిందికి పెట్టే ఉండాలి, తినేటప్పుడూ కూర్చునేటప్పుడూ కూడా తల వంచుకునే ఉండాలి. మామూలు దిండు మీద బోర్లా పడుకుంటే ఊపిరాడదు. నాన్న మూసేసిన వెనక గది తలుపు తీశాడు. పాత దూదితో పనికాదని మంచి దూది తెచ్చి, మిషను మీద మెత్తగా ఏకి, నడుమ ఖాళీ ఉన్న గుండ్రటి దిండు కుట్టాడు. నుదురూ చెంపలూ దాని మీద ఆనతాయి, కట్టు కట్టిన కన్నూ ముక్కూ ఆ ఖాళీలోకి వస్తాయి. మా మిషను చివరిసారి తిరిగింది ఆ దిండు కోసమే. తర్వాత దాన్ని నరసరావుపేట వాళ్ళెవరికో ఇచ్చేశాడు.

అన్న మంచం చివర ఆ దిండు పెట్టుకుని, మొహం కిందికి వచ్చేలా బోర్లా పడుకుని నేలతో మాట్లాడేవాడు. నేను కింద చాప మీద పడుకుని అతని మొహం కేసి చూస్తూ జవాబు చెప్పేదాన్ని. అప్పుడే ఒక ఒట్టు వేయించుకున్నాడు.

"ఇంక నుంచి నాకేదన్నా గీతో చుక్కో కనపడితే నిన్నడుగుతా. నువ్వు ఉంటే ఉందను, లేకపోతే లేదను. నేను బాధపడతానని అబద్ధం చెప్పబాక. కళ్ళ సంగతిలో మాత్రం అబద్ధం చెప్పనని ఒట్టెయ్యి."

వేశాను.

కుడి కన్ను రాలేదు. కట్టు విప్పాక వెలుతురు ఉందని మాత్రం తెలిసేది. ఎడం కంటికి ముందుజాగ్రత్తగా లేజరు చేశారు. అన్న మళ్ళీ షాపులో కూర్చున్నాడు. ఫ్లెక్సీలు వచ్చాయి, పని పెరిగింది. పార్టీ బ్యానర్లు, దుకాణం ప్రారంభోత్సవాలు, పుట్టినరోజులు. ఒంటి కంటితోనే అక్షరాలు చెక్కేవాడు. మధ్యలో ఎప్పుడన్నా "అమ్మాయ్, ఈ మూల మచ్చ నీకూ కనపడతందా?" అనేవాడు. నేను లేచి వెళ్ళి చూసేదాన్ని. "కనపడతందన్నా, అద్దం మీద టీ చుక్క" అనేదాన్ని. ఊపిరి పీల్చుకుని తుడిచేవాడు. "ఇది నీకూ కనపడతందా" అనేది మా ఇంట్లో ఊతపదం అయిపోయింది. అన్నంలో రాయి వచ్చినా, వాన చినుకు పడినా ఆ మాటే. మా ఆయన కూడా నేర్చుకుని కూరలో ఉప్పు లేదని చెప్పడానికి వాడేవాడు.

కొన్నేళ్ళు అలా గడిచాయి. ఒక రోజు అన్న ఒక బట్టల కొట్టు బ్యానర్ చేస్తున్నాడు. చుట్టూ సన్నటి బంగారు రంగు బోర్డరు గీశాడు. గీసి, చెరిపి, మళ్ళీ గీశాడు.

"ఈ గీత నడిమధ్యలో వంకర తిరిగింది. నీకూ కనపడతందా?" అన్నాడు.

లేచి వెళ్ళాను. గీత తిన్నగా ఉంది. స్కేలు పెట్టి గీసినట్టుంది. వంకర ఉంటే బాగుండునని కోరుకున్నాను. కార్డు పాడై ఉండాలని, మానిటర్ పగిలిపోయి ఉండాలని, షాపు షాపంతా కాలిపోయినా ఫరవాలేదని కోరుకున్నాను. ఒట్టు వేశాను కాబట్టి నోరు తెరిచాను.

"లేదన్నా. తిన్నగానే ఉంది."

అన్న తల ఊపాడు. బ్యానర్ సేవ్ చేశాడు. కంప్యూటర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, అది పూర్తిగా ఆగేదాకా ఆగి, స్విచ్చి కట్టి, "పద" అన్నాడు. ఈసారి వైరు ముట్టుకోలేదు, ఎవరినీ తిట్టలేదు. నేరుగా బస్టాండుకే వెళ్ళాం.

ఆలస్యం చేయలేదు. అయినా పోయింది. చూపుకి నడిబొడ్డున, కంటి వెనక రక్తం చిమ్మి మచ్చ కట్టిందన్నారు. ఇంజక్షన్లు చేశారు. చుట్టూ అంచుల్లో చూపు మిగిలింది, మధ్యలో పోయింది. గుమ్మం కనపడుతుంది, మంచం కనపడుతుంది, తట్టుకోకుండా నడుస్తాడు. ఏది చూడాలని చూస్తాడో అది మాత్రం కనపడదు. నేను ఎదురుగా కూర్చుంటే నా భుజాలు కనపడతాయట, మొహం కనపడదట. అక్షరాలు సరేసరి. ఊళ్ళో గోడల మీద అతను రాసినవి అప్పటికే చాలావరకు వెలిసిపోయాయి, కొన్నింటి మీద కొత్త రంగులు కొట్టారు. మిగిలినవి ఎక్కడెక్కడున్నాయో నేను బస్సులో వెళ్ళి వచ్చినప్పుడల్లా చెప్పేదాన్ని. వినేవాడు. తర్వాత ఒకసారి, "చాల్లేమ్మా" అన్నాడు. ఆపేశాను.

షాపు నా మీద పడింది. డిజైన్లు నేనే చేసేదాన్ని, అన్న పక్కన కుర్చీలో కూర్చుని అక్షరం ఎలా తిప్పాలో గాలిలో వేలితో గీసి చూపించేవాడు. అతని వేలు చూసి నేను మౌసు తిప్పేదాన్ని. అంత అందం రాలేదు, వచ్చిందని అబద్ధం చెప్పేదాన్ని. ఒట్టు కళ్ళ సంగతికే కదా.

ఒక వానాకాలం పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి ఏదో కరపత్రం తెరిచాను. స్క్రీను మీద పై నుంచి కింది దాకా పచ్చటి గీతలు, దారపు పోగుల్లా. నేనేమీ ఆలోచించలేదు. అలవాటులో నోరు జారింది.

"అన్నా, ఈ గీతలు నీకూ కనపడతన్నయ్యా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. అన్న మొహంలో బాధ కోసం చూశాను. బాధ లేదు. భయం ఉంది. కుర్చీలోంచి లేచి, తడుముకుంటూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"గోడకేసి చూడు" అన్నాడు.

"అన్నా, ఇది కార్డు..."

"గోడకేసి చూడమంటన్నానా. గోడ మీద ఉన్నయ్యా గీతలు?"

చూశాను. "లేవన్నా."

"ఒక కన్ను మూసుకుని చూడు. ఇప్పుడు రెండోది. క్యాలెండర్ కనపడతందా? అంచులు వంకరగా ఏమన్నా ఉన్నయ్యా?"

"లేదన్నా. బాగానే ఉంది."

నమ్మలేదు. భుజం వదలకుండా నాన్నని కేకేశాడు. నాన్నకి అప్పటికి శుక్లాలు తీయించాం, మా అందరిలోకీ అతనికే చూపు బాగుంది. పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్నా, ఆ పెట్టె మీద నీకేం కనపడతందో చెప్పు. దీన్ని అడక్కుండా చెప్పు."

నాన్న తొంగి చూశాడు. "గీతలు కనపడతన్నయ్యిరా. పచ్చగా."

"నీకూ కనపడతన్నయ్యా? నిజంగా?"

"కనపడతన్నయ్యిరా, బోలెడు."

అన్న ఊపిరి వదిలాడు. ఒళ్ళంతా వదులైపోయి నా కుర్చీ వీపు మీద వాలిపోయాడు. "కార్డే పోయింది. కార్డేనమ్మా" అన్నాడు. అంత సంతోషం అతని గొంతులో ఆ ఎండాకాలం తర్వాత నేను వినలేదు. పెట్టె విప్పుదాం, స్క్రూడ్రైవర్ తెమ్మన్నాడు. కార్డు బయటికి తీసి, ఫ్యాను మీద వేలితో రాసి చూసుకున్నాడు. "దూది లేదు నాన్నా. ఉత్త దుమ్మే" అన్నాడు. నాన్న అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు.

తర్వాత అన్న నా మొహం చేతుల్లోకి తీసుకుని, బొటనవేళ్ళతో నా రెండు కళ్ళ మీదా మెల్లగా రాశాడు. వేళ్ళు తడిశాయి.

"ఏంది, కళ్ళు నీరు కారతన్నయ్యే?" అన్నాడు, మళ్ళీ ఆ భయంతో.

బయట వాన పడుతోంది. ఊళ్ళో ఎక్కడా మిరపకాయ లేని కాలం.

"ఘాటు తగిలిందన్నా" అన్నాను.